ఎవరి ఒంట్లోనూ లేని బరువు

కంప్యూటర్ తప్పు చేయదు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అన్నది పక్కింటివాళ్లయితే నవ్వి ఊరుకుంటాను. ప్రోగ్రాములు రాసేవాళ్లే అంటే మాత్రం ఊరుకోను. జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నదాన్ని. కొత్త పిల్లలు వచ్చిన మొదటి వారంలోనే సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలపమంటాను. కలిపింది సున్నా పాయింట్ మూడుతో సమానమా అని ఆ యంత్రాన్నే అడగమంటాను. కాదంటుంది. "మేడం, మీ సిస్టం ఖరాబైంది" అని వెనక బెంచీలో ఎవరో ఒకరు అంటారు. పక్క సిస్టంలో చూసుకోమంటాను. అదీ కాదనే అంటుంది. అక్కడ మొదలవుతుంది నా పాఠం.

మొన్న చలికాలం దాకా అది నాకు ఉత్త పాఠమే. పిల్లల్ని కాసేపు తికమక పెట్టి, ఆ తర్వాత చిక్కు విప్పి చూపించి, చాక్‌పీసు చేతులు దులుపుకునే పాఠం. భూపాలపల్లి మైదానంలో అది ఒక మనిషి మీదికి వచ్చింది. ఆ మనిషి నాకు అక్క.

తోడబుట్టిన అక్క కాదు. మహబూబాబాద్‌లో మా నాన్న దర్జీ దుకాణానికి ఎదురుగా వాళ్ల కిరాణా కొట్టు ఉండేది. మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాళ్లింట్లో తెలుగు, వీధిలో రెండూ. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. కాలు కాలి నేను నడవలేకపోయిన రోజుల్లో నన్ను వీపున వేసుకొని బడికి తీసుకెళ్లేది. మనిషి చిన్నప్పటి నుంచీ బలమైనది, లావుగా ఉండేది. బియ్యం బస్తా ఒక్కతే ఎత్తి కొట్టులో పెట్టేది. ఎత్తినందుకు ఎవరూ మెచ్చుకోలేదు గాని, లావున్నందుకు అందరూ ఏదో ఒకటి అన్నారు. ఆమె ఆటో ఎక్కితే డ్రైవరు వంగి టైరు చూసేవాడు. పెళ్లిళ్లలో ఫొటోకి నిలబడితే కొసకు, కొంచెం వెనక్కి జరగమనేవాళ్లు. ఆమె జరిగేది. నవ్వుతూనే జరిగేది కాబట్టి, ఆమెకు ఏమీ అనిపించదని అందరూ అనుకున్నారు. నేను మాత్రం ఆ నవ్వును ఎప్పుడూ నమ్మలేదు.

పెళ్లయి రేగొండ వెళ్లింది. అక్కడా కిరాణా కొట్టే, అక్కడా బస్తాలే. రెండేళ్ల కింద ఆ ఊరి బడిలో ఆటలు నేర్పే పీఈటీ సార్, పత్తి ఏరే ఆడవాళ్లతో తాడు గుంజే జట్టు ఒకటి కట్టాడు. సరుకులకని కొట్టుకు వెళ్లినప్పుడు, ఈమె బస్తా దించే తీరు చూసి జట్టులోకి రమ్మన్నాడు. తాడు గుంజే ఆటలో ఎనిమిది మంది వరుసగా నిలబడతారు. అందరికంటే చివర, తాడు కొసను ఒంటికి చుట్టుకొని నిలబడే మనిషిని యాంకర్ అంటారు. జట్టు జారిపోకుండా ఆపేది ఆ మనిషే. అక్కను యాంకర్‌ని చేశారు. ఫోన్లో ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు ఆమె గొంతులో సంబరం వినబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తన బరువు ఒకరికి కావాల్సి రావడం అదే మొదటిసారి అంది. అదేమీ బాధగా చెప్పలేదు, కొట్టు లెక్క చెప్పినట్టు చెప్పింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల ఆడవాళ్ల పోటీ భూపాలపల్లిలో పెట్టారు. కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలంటే మా కాలేజీ నుంచి నన్ను పంపారు. వెళ్లగానే ఆ పోటీకి పెద్దగా ఉన్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారితో, రేగొండ జట్టులో మా అక్క ఉందని చెప్పేశాను. ఆయన చేయి ఊపాడు. కాంటా బరువు చూపిస్తుంది, నేను అంకెలు కొడతాను, ప్రోగ్రాం తేలుస్తుంది, ఇందులో ఎవరి పక్షమైనా వహించేదేముంది అన్నాడు. ఆ ప్రోగ్రాం పోటీ నడిపేవాళ్లు ఎవరితోనో రాయించి పంపింది. నేను దాన్ని ఆ పొద్దునే మొదటిసారి చూశాను.

ఈ ఆటలో ఒక్కొక్కరి బరువు కాదు, ఎనిమిది మంది బరువు కలిపి చూస్తారు. మా టేబులు చూసే విభాగంలో మొత్తం నాలుగు వందల ఎనభై కిలోలు దాటకూడదు. సరిగ్గా నాలుగు వందల ఎనభై ఉంటే పర్వాలేదు. అసలు తూకం జట్టుకు ఒక్కసారే. దాటితే ఒకరిని దించి, పక్కన ఉన్న రిజర్వు మనిషిని ఎక్కించాలి. అసలు తూకానికి ముందు మాత్రం అదే కాంటా మీద ఎవరైనా ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు.

ఇక్కడే మా పీఈటీ సార్ పనితనం. గీత దాకా ఎంత బరువు నింపితే అంత లాభమని ఆయన లెక్క. మిగతా జట్లు కిలో, రెండు కిలోలు తక్కువలో వచ్చి నిశ్చింతగా ఉంటే, ఈయన పొద్దున్నుంచి మా వాళ్లను కాంటా ఎక్కించి దించుతూ, సెల్‌ఫోనులో కూడుతూ, తక్కువపడ్డ కొద్దీ చల్ల తాగించాడు. ఎక్కువ చల్ల అక్కకే పోయించాడు, యాంకర్ కదా అని. ఆమె చెంబు ఎత్తి తాగి కాంటా ఎక్కేది, ఆయన కూడేవాడు, ఇంకో గ్లాసు అనేవాడు. చూసేవాళ్లకు తమాషాగా ఉంది. చివరకు నాలుగు వందల ఎనభై దగ్గర, పాయింట్ తర్వాత సున్నాతో సహా, కొలిచినట్టు తెచ్చి నిలబెట్టాడు. ఆ వెంటనే అసలు తూకానికి పట్టుకొచ్చాడు.

తాడు మీద ఎట్లా నిలబడతారో అదే వరుసలో తూకానికి రావడం ఇక్కడి అలవాటు. రూల్లో అట్లా లేదు, అంతా అట్లాగే వస్తారు. ఒక్కొక్కరు ఎక్కారు, కాంటా చూపించిన అంకె పెద్దాయన గట్టిగా చదివాడు, నేను కొట్టాను. చివర అక్క ఎక్కింది, దిగింది. నేను మీట నొక్కాను.

తెర మీద మొత్తం 480.0 అని వచ్చింది. దాని కింద పరిమితి 480.0 అని ఉంది. దాని పక్కనే ఎర్రటి అక్షరాల్లో "ఎక్కువ" అని పడింది.

దాచుకోవడం ఎందుకు, ముందు నాకు సంతోషమే కలిగింది. ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పిన సంగతి కళ్ల ముందు నడిచొచ్చి నిలబడితే ఏ టీచరుకైనా కలుగుతుంది. ఆ సంతోషం తలెత్తి అక్కను చూసేదాకానే. ఎనిమిది మందిలో ఎవరిని దించి ఆ రిజర్వు పిల్లను ఎక్కించినా బరువు తగ్గేది. అందరికంటే బక్కపిల్ల అది. అయినా అక్కడున్న ప్రతి కన్నూ అక్క మీదికే పోయింది. ఎవరూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పొద్దున్నుంచి సెల్‌ఫోనులో కూడి కూడి సరిచూసుకున్న పీఈటీ సార్ కూడా ఆలోచించలేదు.

"అక్కా, ఏమనుకోకు. ఈసారికి నువ్వు జర పక్కకు కూసో" అన్నాడు.

ఆమె "సరే సార్" అంది. నడుముకు కట్టుకున్న పట్టీ విప్పడం మొదలుపెట్టింది. ఎన్నోసార్లు చేసి అలవాటైన పని చేసినట్టు, తొందర లేకుండా విప్పుతోంది. ముఖాన ఆ పాత నవ్వే ఉంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అమ్మీ ఎప్పుడూ తిట్టేది గాని, ఆ రోజు అది పనికొచ్చింది.

"పట్టీ ఇప్పకు అక్కా. తప్పు నీ కాడ లేదు, దీని కాడ ఉన్నది" అని తెర మీద వేలు పెట్టాను.

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. కంప్యూటర్ ఎక్కువంటుంటే తాను చేయగలిగిందేముంది అన్నాడు. మొత్తం 480.0, పరిమితి 480.0 అని అదే చెబుతూ, మళ్లీ ఎక్కువని అదే ఎట్లా అంటుందో చెప్పమని నేనడిగాను. ఆయన చూశాడు, మళ్లీ చూశాడు. లోపల ఇంకేదైనా ఉందేమో అన్నాడు. ఉంది, అది మనుషుల బరువు కాదు అన్నాను.

ఆయన బడి నడిపిన మనిషి కాబట్టి బడి భాషలోనే చెప్పాను. ఒక రొట్టెను మూడు సమభాగాలు చేసి, ఒక్కో భాగాన్ని దశాంశాల్లో రాయమంటే సున్నా పాయింట్ మూడు మూడు మూడు అని రాస్తూనే ఉండాలి. ఎక్కడో ఒకచోట విసుగొచ్చి ఆపాలి. ఆపిన మూడు భాగాలు కూడితే పూర్తి రొట్టె రాదు, కాస్త తక్కువ వస్తుంది. మనకు మూడో వంతుతో ఉన్న ఇబ్బందే కంప్యూటర్‌కు పదో వంతుతో ఉంది. అది రెండేసి భాగాలుగా విడగొట్టుకుంటూ లెక్క పెడుతుంది. సగం, పావు, అరపావు దానికి కొట్టిన పిండి. పదో వంతు మాత్రం ఎంత రాసినా తెగదు. అందుకని అరవై కిలోల మూడు వందల గ్రాములను పూర్తిగా రాసుకోలేక, ఇసుమంత ఎక్కువగానో తక్కువగానో కత్తిరించి పెట్టుకుంటుంది. ఒకరితో ఒకరిని కూడిన ప్రతిసారీ మళ్లీ కత్తిరిస్తుంది. చివరికి మిగిలిన ఆ పిసరంత తేడా ముందు తల వెంట్రుక కూడా బండరాయే. తెర మీద చూపించేటప్పుడు పాయింట్ తర్వాత ఒక్క అంకె వేసి మిగతాది దాచేస్తుంది. పోల్చేటప్పుడు మాత్రం దాచిందంతా బయటికి తీసి పోలుస్తుంది.

పెద్దాయన పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోవడం నాకు నచ్చింది కూడా. ఆమె నాకు అక్క అని ఆయనకు తెలుసు మరి. నా మాట వద్దు, ఆ ఎనిమిది అంకెలు మీరే కాగితం మీద కూడండి అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, పోటీల పట్టిక వెనక రాసుకొని, పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడాడు. రెండుసార్లూ నాలుగు వందల ఎనభయ్యే వచ్చింది.

అయినా కథ అక్కడ తెగలేదు. కాగితం తాను పైకి పంపలేనని, ఈ తెర ఎర్రగా ఉన్నంతసేపు జట్టు పేరు పోటీలోకి ఎక్కదని అన్నాడు. అది నిజమే. ప్రోగ్రాం అట్లాగే రాశారు. అప్పుడు చెప్పాను, ఈ తేడా కూడే వరుసను బట్టి వస్తుందని. తాడు మీద వరుస ఆట మొదలయ్యేదాకా మార్చుకోవచ్చని రూలే ఉంది, ప్రోగ్రాంలో పేర్లు పైకీ కిందికీ జరపడానికి వీలూ ఉంది. ఒకరి బరువు ముట్టుకోకుండా, వరుస మాత్రం మారుద్దాం అన్నాను.

పీఈటీ సార్‌కు ప్రాణం లేచొచ్చింది. అయితే అక్క పేరు తీసి మొదట వేయండి మేడం అన్నాడు.

అప్పుడు అక్క మాట్లాడింది. "నేను ముందట నిలబడితే కొసకు తాడెవలు సుట్టుకుంటరు సార్? నన్ను జరిపితెనే లెక్క కుదురుతదంటే, ఎక్కువున్నది నేనే అని నేను ఒప్పుకున్నట్టే గద."

మైదానంలో మైకు మోగుతోంది, అవతల ఏదో జట్టు తాడు గుంజుతూ అరుస్తోంది. ఆమె నా వైపు తిరిగింది. "జరుగుతనే ఉన్న చెల్లె ఇన్నేండ్ల సంది. ఇయ్యాల జరగ."

నాకు కళ్లు చెమర్చాయి. కాలేజీలో నన్ను ఎవరూ అట్లా చూసి ఉండరు. "నువ్వున్న జాగలనే ఉండు. నిన్ను ముట్టుకోను" అన్నాను. మౌసు పెద్దాయన చేతికే ఇచ్చాను. నేను జరిపితే రేపు ఎవరైనా ఏదైనా అనొచ్చు. ఆయన మొదటి మనిషిని, రెండో మనిషిని తారుమారు చేశాడు. అది పనిచేయదని ముందే చెప్పాను. ఇద్దరిని ఏ వరుసలో కూడినా ఒకటే, మూడో మనిషి కలిస్తేనే తేడా మొదలవుతుంది. ఆయన వినకుండా నొక్కాడు. ఎరుపు అట్లాగే ఉంది. నేను చెప్పింది చెప్పినట్టు జరగడం చూసి, నా మీద ఆయనకు కొంచెం గురి కుదిరింది.

ఏ వరుసకు ఎరుపు పోతుందో నాకూ తెలియదు. ఏదో ఒక వరుసకు పోతుందని మాత్రం నాకు నమ్మకం. అయిదో మనిషిని రెండో చోటికి తెమ్మన్నాను. ఆ అయిదో ఆమె పత్తి ఏరే మనిషి, సన్నగా ఉంటుంది. రేగొండ జట్టులో లావు గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ అనని మనిషి. పెద్దాయన ఆమె పేరును పైకి జరిపాడు. అక్క పేరు అడుగునే, ఉన్నచోటే ఉంది. మీట నొక్కాడు.

ఎరుపు పోయింది. ఆకుపచ్చ అక్షరాల్లో "సరి" అని వచ్చింది. పైన మొత్తం అదే 480.0.

ఒకరి బరువూ మారలేదు, ఒకరూ మళ్లీ కాంటా ఎక్కలేదు, అక్క ఒక్క అంగుళం కదల్లేదు. ఆ సన్నటి మనిషి తనను తాను పైనుంచి కింద దాకా చూసుకొని, మరైతే ఆ ఎక్కువ తనదా అని బెదురుగా అడిగింది. అందరూ నవ్వారు. ఎవరిదీ కాదని చెప్పాను. ఎవరి ఒంట్లోనూ లేని బరువు అది, యంత్రం కూడుకునేటప్పుడు దానికదే పుట్టించుకున్న బరువు. అక్క మాత్రం నవ్వలేదు. తెర దగ్గరికి వంగి, అడుగున ఉన్న తన పేరును, పైన ఉన్న పచ్చటి అక్షరాలను చాలాసేపు చూసింది. తర్వాత సగం విప్పిన పట్టీని మళ్లీ బిగించి కట్టుకుంది.

పెద్దాయన ఖచ్చితమైన మనిషి. ఆ రోజు ఎవరికి ఎర్రగా వచ్చినా కాగితం మీద కూడకుండా ఎవరినీ దించకూడదని అక్కడికక్కడే చెప్పేశాడు. నేను ప్రోగ్రాం రాసినతనికి ఫోను చేశాను. సరిగ్గా గీత మీదికి ఎవరొస్తారు మేడం అన్నాడు. మా వాళ్లొస్తారు, చల్ల తాగి మరీ వస్తారు అన్నాను. కిలోల్లో పాయింట్లు పెట్టి కూడకుండా, అన్నీ గ్రాములుగా మార్చి పూర్తి అంకెలతో కూడమన్నాను. పూర్తి అంకెల దగ్గర, ఇంత చిన్న మొత్తాల్లో, యంత్రం తడబడదు. అతను కాసేపు గునిశాడు గాని, సాయంత్రంలోపు మార్చి పంపాడు.

మధ్యాహ్నం మా వాళ్ల తాడు మహబూబాబాద్ వైపు జట్టుతో పడింది. పుట్టిన జిల్లా అని నేను వాళ్ల వైపు ఒక్క చూపు కూడా చూడలేదు. విజిల్ పడగానే అక్క మడమలు మట్టిలో దిగేసి, వెనక్కి వాలి కూర్చున్నట్టు ఆగింది. అవతలివాళ్లు ఎంత గుంజినా ముందు ఏడుగురూ ఊగారు గాని, వెనక ఆమె ఊగలేదు. గుంజేవాళ్ల ఊపిరి అయిపోయేదాకా ఆగి, అప్పుడు అడుగు వెనక్కి వేసింది. ఒక అడుగు, ఇంకో అడుగు. నేను టేబులు వదిలేసి గీత పక్కన నిలబడి, టీచరునన్న సంగతి మరిచిపోయి అరిచాను. రెండు గుంజుల్లోనూ మా వాళ్లే గెలిచారు.

పీఈటీ సార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచి మనిషే, ఆయన కష్టం లేకపోతే ఆ జట్టే లేదు. పొగుడుతూ పొగుడుతూ మధ్యలో, పొద్దున అట్లా అన్నందుకు ఏమనుకోవద్దని కూడా అన్నాడు. కంప్యూటరే చెప్పాక తానేం చేయగలడని అన్నాడు. అక్క ఒంటికి చుట్టిన తాడు విప్పుకుంటోంది. అది మొత్తం విప్పి, చుట్టగా చుట్టి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకోపారి ఎవలన్న ఎక్కువున్నరని చెప్తే, ముందుగాల లెక్క జూడుండ్రి సార్. మనిషి దిక్కు తర్వాత జూడుండ్రి."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖాన నవ్వు లేదు.